బురదకు డిస్టింక్షన్

గోదావరి మొగ దగ్గర సముద్రం ఏ రంగులో ఉంటుందో అంతర్వేదిలో వల ఆరేసుకునే ఏ ముసలాయన్ని అడిగినా చెబుతాడు. వరదొస్తే ఎరుపు, వరద తీశాక మట్టిరంగు, చలికాలంలో కాస్త ఆకుపచ్చ. పైసా ఖర్చు లేకుండా తెలిసిపోయేదాన్ని ఎవరు నమ్ముతారు? అందుకని మనం ఓ ఉపగ్రహాన్ని 720 కిలోమీటర్ల ఎత్తుకు పంపి, అక్కణ్నుంచి చూసి, కంప్యూటర్లో వండి, నిగనిగలాడే కాగితం మీద అచ్చేసి, ఫ్రేము కట్టి గోడకు తగిలిస్తాం. ఆ పటంలో నడిసముద్రం నీలం, ఇటొస్తే ఆకుపచ్చ, ఇంకా ఇటొస్తే పసుపు, తీరం పొడుగునా ఎరుపు. గోదావరి మొగ దగ్గరైతే ఎరుపు చిక్కబడి కందిపోయి ఉంటుంది.

అలాంటి గోడల ముందు ముఖ్య అతిథులు ఆగుతారు. ఆగాక ఏదో ఒకటి అడగాలి.

"ఎర్రగా ఉందేంటండీ, ప్రమాదమా?"

"కాదు సార్, సమృద్ధి. ఎరుపంటే క్లోరోఫిల్ ఎక్కువ. అంటే ప్లవకాలు ఎక్కువ. అంటే చేపలు ఎక్కువ."

"భేష్."

ఫొటో. ఆ ఫొటోలో ఓ చివర సగం చెయ్యి మాత్రమే పడిన మనిషి ఒకడుంటాడు. పటం తయారుచేసింది వాడే. ఆ ఎరుపులో చాలాభాగం ప్లవకం కాదనీ, పాపికొండల అవతల నుంచి కొట్టుకొచ్చిన బురదనీ వాడికి తెలుసు. చెప్పడు. నాలుగు నెలలుగా ఫెలోషిప్ పడలేదు. "బురద సార్" అన్నాడంటే అయిదో నెలదీ పడదు.

ఆ సగం చెయ్యి జాతి గురించే ఈ రాత. తీరజలాల రంగు, వెలుతురు మీద పీహెచ్‌డీ చేసిన నేనూ ఆ జాతివాణ్నే.

ముందు మా శాస్త్రం ఘనత చెబుతాను. ఉపగ్రహం కంటికి చేరే వెలుతురులో నూటికి తొంభై పాళ్ళు సముద్రానిది కాదు, మధ్యలో ఉన్న గాలిది, దుమ్ముది, తేమది. మిగిలిన పదిపాళ్ళూ నీళ్ళలోకి దిగి, అక్కడ ఎవరెవర్నో తాకి, బతికి బయటపడి పైకొచ్చిన వెలుతురు. తొంభై తీసేసి పది పట్టుకోవడం మా వృత్తి. నడిసముద్రంలో ఇది బాగానే నడుస్తుంది. అక్కడ నీళ్ళలో ప్లవకాలు తప్ప చెప్పుకోదగ్గ సరుకేమీ ఉండదు. ప్లవకాలు నీలాన్ని మింగుతాయి, ఆకుపచ్చను వదిలేస్తాయి. 443 నానోమీటర్ల నీలాన్ని 555 దగ్గరి ఆకుపచ్చతో పోల్చి చూస్తే క్లోరోఫిల్ ఎంతుందో తేలుతుంది. ఈ లెక్కకు నడిసముద్రంలో పెట్టుకున్న గురి ఏమిటంటే, తప్పు 35 శాతం దాటకూడదు. పదో తరగతి పాస్ మార్కు, మా తప్పు మార్కు ఒకటే.

తీరానికొచ్చేసరికి ఈ తెలివంతా నీరుగారిపోతుంది. ఇక్కడ ప్లవకాలున్నాయి, వాటితోపాటు ఒండ్రు ఉంది, కోరింగ మడ అడవుల నుంచి, వరిచేల మురుగు కాలవల నుంచి ఆకు అలమూ కుళ్ళి నానిన నీరుంది. ఈ చివరిది అచ్చం టీ డికాక్షనే. ఆకుల్లోంచి దిగిన పసుపు రంగు నీలాన్ని చడీచప్పుడు లేకుండా తాగేస్తుంది. నీలం తగ్గిందా? తగ్గింది. అయితే ప్లవకం పెరిగినట్టే అని రాసుకుంటుంది సూత్రం. దానికి చెప్పిన పాఠం అంతే. తోడుగా బురద ఆకుపచ్చనీ ఎరుపునీ వెనక్కి విసురుతూ ఉంటుంది. సూత్రం ఇంకా పొంగిపోయి ఇంకో గుప్పెడు మార్కులు వేస్తుంది. అలా మన బురద రాష్ట్రంలోనే మొదటి ర్యాంకు కొడుతుంది.

1977లో మోరెల్, ప్రియూర్ అనే ఇద్దరు ఫ్రెంచి శాస్త్రవేత్తలు నీళ్ళను రెండు రకాలుగా విడదీశారు. ప్లవకాలే రంగును నడిపే నీళ్ళు మొదటి రకం. బురద, కుళ్ళిన ఆకు వగైరా ప్లవకాలతో సంబంధం లేకుండా తమ పెత్తనం చలాయించే నీళ్ళు రెండో రకం. లెక్క సౌకర్యం కోసం చేసిన ఈ విభజన మావాళ్ళ చేతుల్లో పడి రేషన్ షాపు విభజన అయిపోయింది. మొదటి రకం నీళ్ళ మీద పనిచేసేవాడు కాన్ఫరెన్సులో పొద్దున పదింటికి మాట్లాడతాడు. రెండో రకం వాడు మధ్యాహ్నం భోజనాలయ్యాక, సగం హాలు కునుకు తీస్తుండగా మాట్లాడతాడు. అప్పుడు కూడా ఒక పెద్దాయన లేచి, "మీ నీళ్ళలో గందరగోళం చాలా ఎక్కువండీ" అని చిరాకు పడతాడు. గందరగోళం నేను కలిపినట్టు.

గాలిని తీసేసే లెక్కలో ఇంకో తమాషా ఉంది. పాత పద్ధతిలో ఒక నమ్మకం మీద నడుస్తుంది వ్యవహారం. కంటికి కనబడని సమీప పరారుణ కాంతిలో సముద్రం నల్లగా ఉంటుందని, అక్కడేదైనా వెలుగు కనబడితే అది గాలిదేనని. నడిసముద్రంలో నిజం. బురదనీరు మాత్రం ఆ కాంతిలో కూడా దర్జాగా వెలుగుతుంది. ఉపగ్రహం సాఫ్ట్‌వేరు దాన్ని గాలి ఖాతాలో రాసుకుంటుంది. అంత గాలి ఉందనుకుని నీలంలోనూ ఆ లెక్కన కోసేస్తుంది. కోసి కోసి, నీలం సున్నా దాటి కిందికి పోతుంది. మైనస్ వెలుతురు! కాకినాడ ఎదుట సముద్రం వెలుగివ్వకపోగా మనకే బాకీ ఉందన్నమాట. ఈ ఘనకార్యం నా స్క్రీను మీద మొదటిసారి చూసిన రోజు గైడు దగ్గరికి పరుగెత్తాను. ఆయన తల కూడా ఎత్తలేదు. "నెగటివ్‌లు తీసెయ్" అన్నారు.

తీసెయ్యడానికి సాఫ్ట్‌వేరులో బ్రహ్మాండమైన ఏర్పాట్లున్నాయి. ఒక్కో పిక్సెల్ మీద జెండాలు పాతుతుంది. మేఘం జెండా, సూర్యుడి తళుకు జెండా, నేల జెండా, బురద జెండా. ఏ జెండా ఎగిరినా ఆ పిక్సెల్ తెల్లబడుతుంది. ఒడ్డుకు ఆనుకుని ఉన్న పిక్సెళ్ళలో నేల వెలుతురు కూడా చొరబడుతుంది కాబట్టి అవీ పోతాయి. అన్నీ పోగా, అలివి వల లాగేవాళ్ళు, తెప్ప మీద వెళ్ళేవాళ్ళు, కంపెనీ గొట్టం నీళ్ళు కలిసే చోటు, పిల్లలు ఈతకొట్టే చోటు అన్నీ ఆ తెలుపులోనే ఉంటాయి. మనుషులు మసిలే నీటికి సమాచారం లేదు. తెలుపుకు కాస్త అవతల, జెండా తప్పించుకున్న బురదకు డిస్టింక్షన్.

బురదనీటికి విడిగా లెక్కలు లేవా అని అడుగుతారేమో. ఎందుకు లేవు, బోలెడు. ఇంకా పొడుగు తరంగాల పరారుణంతో గాలిని కొలిచే పద్ధతులొచ్చాయి, ఎరుపుతో క్లోరోఫిల్ పట్టే సూత్రాలొచ్చాయి. మా రంగంలో ప్రతి నదికీ ఒక సూత్రం, ప్రతి సూత్రానికీ ఒక డాక్టరేటు. ఒక నది సూత్రం పక్క నదిలో పారదు. అయినా గోడ మీది పటానికి వాటితో పనేముంది? ముఖ్య అతిథికి కావాల్సింది రంగులు. ఉన్నాయి.

సరే, ఉపగ్రహం చెప్పేది నిజమో కాదో తేల్చాలంటే ఎవడో ఒకడు నీళ్ళలోకి వెళ్ళాలి. అదే నేను. ఎప్పుడు వెళ్ళాలి? బంగాళాఖాతం తీరంలో ఏప్రిల్, మే నెలల్లో ఎండ దంచుతుంది, ఉపగ్రహానికి పండగ. ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా 61 రోజులు వేట నిషేధం. బోట్లన్నీ ఒడ్డెక్కి రంగులేయించుకుంటుంటాయి, సరంగులు పెళ్ళిళ్ళకు పోతారు. జూన్ మధ్యలో బోట్లు దిగుతాయి. సరిగ్గా అప్పుడే నైరుతి మబ్బులు దిగుతాయి. జూలై నుంచి సెప్టెంబరు దాకా గోదావరి ఏడాది మొత్తం ఒండ్రులో సింహభాగం తెచ్చి సముద్రంలో గుమ్మరిస్తుంది. నేను చదవాల్సింది దాన్నే. ఉపగ్రహానికి కనబడేది మబ్బుల నెత్తి. అక్టోబరు, నవంబరు తుపాన్లవి. మిగిలింది డిసెంబరు నుంచి మార్చి దాకా. ఆ నాలుగు నెలల్లో సంక్రాంతి ఉంది, సెమిస్టరు ఇన్విజిలేషన్ ఉంది, నిధుల వినియోగ పత్రాలు నింపే మార్చి ఉంది, ఇంకా జాతీయ సైన్స్ దినోత్సవం ఉంది.

ఈ దినోత్సవం గురించి కాస్త ఆగి చెప్పాలి. ఏటా ఫిబ్రవరి 28న సర్ సి.వి. రామన్ పేరిట జరుపుతాం. రామన్ చిన్నతనం గడిచింది విశాఖపట్నంలో. వాళ్ళ నాన్న అక్కడ ఏవీఎన్ కాలేజీలో లెక్చరరు. 1921లో ఇంగ్లండు నుంచి నార్కుండా అనే ఓడలో తిరిగొస్తూ, మధ్యధరా సముద్రం నీలాన్ని చూసి, ఆకాశం నీడ పడి సముద్రం నీలంగా ఉంటుందన్న రేలీ దొరగారి మాట ఆయనకు మింగుడు పడలేదు. జేబులోంచి ఒక నికోల్ పట్టకం తీసి, దాంతో నీటి మీది ఆకాశపు మెరుపును అడ్డుకుని చూశాడు. ఆకాశాన్ని తీసేసినా నీలం పోలేదు సరికదా, ఇంకా చిక్కబడింది. నీలం నీటిదే, నీటి అణువులు చెదరగొట్టే వెలుతురుదే. ఒడ్డుకు చేరగానే రాసి పంపాడు. ఆ తీగ పట్టుకుని పోతే 1928 ఫిబ్రవరి 28 నాటి ఆవిష్కరణ, 1930లో నోబెల్.

ఆ మహానుభావుడి పేరిట ఆ రోజు సముద్రం రంగు మీద పనిచేసే విద్యార్థి ఏం చేస్తాడు? షామియానా కట్టిస్తాడు. ఆకాశం అద్దంలా ఉంటుంది, గాలి ఉండదు, మధ్యాహ్నం పన్నెండు దరిదాపుల్లో మన ఓషన్‌శాట్ నెత్తి మీంచి పోతుంది. మనవాడు ఏసీ హాల్లో బొకేలు లెక్కపెడుతుంటాడు. ముఖ్య అతిథి లేచి, ఇప్పటి విద్యార్థుల్లో రామన్‌కున్న ఆసక్తి లేదని బాధపడతాడు. అందరం చప్పట్లు కొడతాం.

ఇవాళ రామన్ అదే పట్టకం కొనాలంటే ఏం జరిగేదో నాకు బాగా తెలుసు. నాకు ఒక తెల్ల పలక కావాల్సొచ్చింది. మీద పడిన వెలుతురును దాదాపు మొత్తంగా, అన్ని వైపులకూ సమానంగా వెనక్కిచ్చే పలక. ఎండ ఎంత పడుతోందో దాంతోనే కొలుస్తాం. చెయ్యి తగిలితే చెమట మరక పడి చెడిపోతుంది. ధర లక్షల్లో. ఇండెంటు పెట్టాను. కొనుగోళ్ళ విభాగంలో ఒకాయన కళ్ళజోడు పైకి నెట్టి, "తెల్ల పలకా? ఇంతా? మా ఇంట్లో బాత్రూములో చదరపు అడుగు అరవై రూపాయలకు వేయించానయ్యా" అన్నారు. ప్రభుత్వ పోర్టల్లో దొరకదన్న కాగితం తెమ్మన్నారు. పోర్టల్లో వెతికితే ఏం దొరికాయో చెప్పనక్కర్లేదు, తెలుపులో ముప్పై రకాలు, జారనివి కూడా. దొరుకుతున్నాయి కాబట్టి దొరకదన్న కాగితం రాదు. మూడు కొటేషన్లు తెమ్మన్నారు. ప్రపంచంలో దాన్ని చేసేవాళ్ళే వేళ్ళ మీద లెక్కపెట్టేంత మంది. పైగా 2022 జూలై నుంచి పరిశోధన సంస్థలకున్న 5 శాతం జీఎస్టీ రాయితీ ఎత్తేశారు, ఇప్పుడు 18. ఆ తేడాకు మా ప్రాజెక్టులో బోటు డీజిలు పోయింది. పలక వస్తే బోటు లేదు, బోటుంటే పలక లేదు. రామన్ జేబులో పెట్టుకుని ఓడెక్కాడు కాబట్టి సరిపోయింది, ఇండెంటు పెట్టి ఉంటే సముద్రం ఇప్పటికీ ఆకాశం నీడతోనే నీలంగా ఉండేది.

బోటు దొరికిన రోజు సంగతి చూద్దాం. తెల్లారుజామున కాకినాడ రేవులో ఫైబర్ బోటు. ఒక పక్క నీటిసీసాల పెట్టె, ఒక పక్క ద్రవ నైట్రోజన్ క్యాను, ఒడిలో పసిబిడ్డంత జాగ్రత్తగా రేడియోమీటరు. మా ల్యాబులో అమ్మాయి కూడా వస్తుంది. ముందురోజు రాత్రి నుంచే మంచినీళ్ళు మానేస్తుంది. సముద్ర కాంతి కొలతలకు ప్రపంచ ప్రసిద్ధ ప్రోటోకాళ్ళున్నాయి, వందల పేజీలు. ఎంత గాలిలో కొలవాలో, ఏ కోణంలో కొలవాలో అన్నీ ఉన్నాయి. ఎనిమిది గంటలు మరుగు లేని బోటులో ఆడపిల్ల ఏం చెయ్యాలో ఒక్క పేరాలోనూ లేదు.

కోణం సంగతికొస్తే, పరికరాన్ని నిట్టనిలువు నుంచి 40 డిగ్రీలు వంచి, సూర్యుడికి 135 డిగ్రీలు పక్కకు తిప్పి నీటిని చూడాలి. లేకపోతే తళుకు పడుతుంది, బోటు నీడ పడుతుంది. తరవాత అదే కోణంలో ఆకాశాన్ని చూడాలి. తరవాత పలకను చూడాలి. ఈలోగా బోటు ప్రవాహానికి తిరుగుతుంది. "బాబాయ్, కాస్త ఎడమకు" అంటాను. తిప్పుతాడు. "ఇంకాస్త." తిప్పుతాడు. మబ్బు తునక ఒకటి అడ్డొస్తుంది. ఆగుతాం. మబ్బు పోతుంది, బోటు తిరిగిపోతుంది.

"ఏటి బాబూ, దేనికోసం ఎతుకుతున్నావు?"

"నీళ్ళ రంగు చూస్తున్నా బాబాయ్."

"కనపడతన్నాది కదా?"

ఈ ప్రశ్నకు నా సినాప్సిస్‌లో జవాబు లేదు. సెకీ పళ్ళెం తీస్తాను. 1865లో సెకీ అనే ఇటలీ మతగురువు పోపుగారి ఓడ మీంచి మధ్యధరాలో తెల్ల పళ్ళాలు దింపి, ఎంత లోతుకు కనుమరుగవుతాయో చూశాడు. నూటయాభై ఏళ్ళు దాటినా పళ్ళెం మారలేదు. మా ప్రాజెక్టు మొత్తంలో ఒక్కసారి కూడా రిపేరుకు రాని పరికరం అదే. తాడు వదిలాను. నడిసముద్రంలో ఇరవై, ముప్పై మీటర్లు దిగినా కనబడేది, ఇక్కడ మోచెయ్యి లోతులో మాయం. సరంగు నవ్వాడు. "రాత్రి పోటు గట్టిగా తన్నింది, అడుగు బురద లేసింది. రెండు రోజులాగి రా, తేటబడతాది" అన్నాడు. రెండు రోజులాగితే ఉపగ్రహం మళ్ళీ వస్తుంది గానీ బాబాయ్, బోటుకు డబ్బుల్లేవు.

ఇక వడపోత. 0.7 మైక్రాన్ల గాజుపీచు ఫిల్టరు గుండా నీటిని పోనిచ్చి, మీద మిగిలినదాన్ని మడిచి, వెండికాగితంలో చుట్టి, నైట్రోజన్‌లో పడేసి, ఒడ్డుకెళ్ళాక అసిటోన్‌లో రాత్రంతా చీకట్లో నానబెట్టి క్లోరోఫిల్ కొలవాలి. పుస్తకంలో లీటర్ల లెక్కన పొయ్యమంటారు. మా నీళ్ళు గ్లాసుడు పోసేసరికి ఫిల్టరు మీద కాఫీరంగు పేస్టు గడ్డకట్టి, ఇంక దిగదు. పంపు మూలుగుతుంది. బోటు ఊగుతుంది. మా గైడు ఫోను చేసి, "డేటా ఎలా ఉంది?" అంటారు. పేస్టులా ఉంది సార్.

ఇలా తెచ్చిన నమూనాల్లో పనికొచ్చేవెన్ని? ఉపగ్రహం చూసిన సమయానికీ నా నమూనాకూ మధ్య మూడు గంటలకు మించి తేడా ఉండకూడదంటుంది నియమం. నడిసముద్రంలో మూడు గంటల్లో ఏమీ కాదు. మొగ దగ్గర మూడు గంటల్లో పోటు పోయి ఆటు వస్తుంది, ఎర్రనీరు దాటి ఆకుపచ్చ నీరొస్తుంది. పైగా చుట్టుపక్కల పిక్సెళ్ళన్నీ ఒకే తీరుగా ఉండాలి. మొగలో ఏ రెండు పిక్సెళ్ళూ ఒకదాని మొహం ఒకటి చూసుకోవు. నియమాలన్నీ పాటిస్తే చివరికి మిగిలేవి వేళ్ళు కూడా నిండవు. పాటించకపోతే పేపరు తిరిగొస్తుంది.

మిగతావాళ్ళ డేటా తెచ్చుకోవచ్చు కదా అంటారు. ఎవరి డేటా వాళ్ళ బీరువాలో ఉంది. బీరువా తాళం రిటైరైన ప్రొఫెసరుగారి దగ్గరుంది. ఆయన దాని మీద పుస్తకం రాస్తానని పదేళ్ళుగా చెబుతున్నారు.

ఉపగ్రహాలకు పరీక్ష పెట్టే పద్ధతి కూడా ముచ్చటైందే. అమెరికా వాళ్ళు హవాయిలో లనాయి ద్వీపం పక్కన 1997 నుంచి నీటి మీద తేలే ఒక బోయ నిలబెట్టారు. మనవాళ్ళు లక్షద్వీప్‌లో కవరత్తి దగ్గర పెట్టారు. నీళ్ళు గాజులా ఉంటాయి కాబట్టి కంటికి నంబరు సరిచెయ్యడానికి అవే తగిన చోట్లు, కాదనను. కాని అద్దాల మేడలో కంటి పరీక్ష పాసై, ఉద్యోగం మాత్రం గోదావరి బురదలో చేస్తుంది మన ఉపగ్రహం. తీరం దగ్గర కూడా నిలబడొచ్చని ఇటలీ వాళ్ళు వెనిస్ ఎదుట సముద్రపు టవరు మీద పరికరం బిగించి ఎప్పుడో చూపించారు. మనకు సముద్రంలో కాళ్ళు పాతడం రాదా? కృష్ణా గోదావరి బేసిన్‌కు వెళ్ళి చూడండి, గ్యాసు కోసం ఎన్ని ప్లాట్‌ఫారాలున్నాయో. వాటి రెయిలింగుకు ఒక రేడియోమీటరు బిగించనివ్వమని అడిగితే భద్రతా కారణాలు అంటారు. వెలుతురు పేలదని హామీపత్రం ఎవరివ్వాలో తెలియలేదు. విశాఖ, కొచ్చి దగ్గర తీరజలాల బోయలు దించారు, సంతోషం. ఆ మధ్య మన దేశపు తీరరేఖను ఇంకా సన్నని స్కేలుతో కొలిస్తే 7,516 కిలోమీటర్లు కాస్తా 11,098 అయింది. సముద్రం అంగుళం కదలకుండానే మూడున్నర వేల కిలోమీటర్లు పెంచుకోగలిగిన వాళ్ళం, బోయల దగ్గర మాత్రం మనకు పాత స్కేలే ముద్దు.

ఏడాదిలో ఒక్కరోజు మాత్రం లోకానికి మా అవసరం పడుతుంది. బీచిలో నీళ్ళ రంగు మారిన రోజు. టీవీ వాళ్ళు ఎడాపెడా ఫోన్లు చేస్తారు. నన్ను నీళ్ళ ముందు నిలబెట్టి, మైకు మూతికి ఆనించి, "చెప్పండి, సముద్రం ఇలా ఎర్రబడటం ప్రళయ సంకేతమా?" అంటారు.

"కాదండీ, పైన వానలు పడ్డాయి. వరదనీరు ప్రవాహంతో ఇటు తిరిగింది. కాస్త ప్లవకం కూడా ఉండొచ్చు, నమూనా చూస్తే..."

"అంటే కచ్చితంగా చెప్పలేమంటున్నారు!"

"బురదండీ."

సాయంత్రం వార్తల్లో నా మొహం మూడు సెకన్లు. కింద "శాస్త్రవేత్తలకూ అంతుచిక్కని ఎర్రసముద్రం". ఆ తరవాత అరగంట బ్రహ్మంగారి కాలజ్ఞానం మీద చర్చ. బ్రహ్మంగారి వైపు ముగ్గురు, బురద వైపు ఎవరూ లేరు. మరి అక్కడే ఏదైనా కంపెనీ గొట్టం ఉందా అన్న ప్రశ్న మాత్రం ఎవరూ వెయ్యరు. ఆ పిక్సెళ్ళు తెల్లగా ఉంటాయని ముందే మనవి చేశాను.

ఈ బాధలన్నిటికీ ఇప్పుడు మందు దొరికింది. యంత్రానికి నేర్పడం. మా సీనియరొకడు సముద్రం ఒడ్డుకు రాకుండా, నీళ్ళ సీసా ముట్టకుండా, ఎక్కడో ఉత్తర సముద్రంలో ఎవరో తీసిన నమూనాల మీద యంత్రానికి తర్ఫీదిచ్చి, దాన్ని బంగాళాఖాతం మీదికి వదిలాడు. ఆలూ లేదు చూలూ లేదు, పేపరు మాత్రం అచ్చయింది. వాడి పటంలో మైనస్‌లు లేవు, తెల్లమచ్చలు లేవు, మబ్బుల కింద కూడా క్లోరోఫిల్ ఉంది. మబ్బు కింద ఉన్నది నిజమో కాదో ఎవరు చూడొచ్చారు? ఎవరూ బోటెక్కలేదు కదా. వాడికిప్పుడు విదేశంలో పోస్ట్ డాక్టరేటు. నాకు 2023 నుంచి పెరిగిన ఫెలోషిప్ 37,000, వచ్చిన నెలల్లో.

మొత్తానికి థీసిస్ సమర్పించాను. పరీక్షకులు మర్యాదగా ఉత్తరం రాశారు. పని మెచ్చుకోదగినదే గాని, తీరానికి దగ్గరి పిక్సెళ్ళ వల్ల గ్రాఫు చెదిరిపోతోంది, మొదటి అయిదు కిలోమీటర్లు తీసేసి మళ్ళీ గీయమని సలహా. గైడు గారు కూడా, "ఆయన చెప్పింది చెయ్యవయ్యా, తీరం ఎక్కడికీ పోదు" అన్నారు. తీసేశాను. అంతర్వేది, ఓడలరేవు, ఉప్పాడ, కోనపాపపేట అన్నీ కలిసి వెళ్ళిపోయాయి. చుక్కలన్నీ బుద్ధిగా గీత మీదికొచ్చి కూర్చున్నాయి. థీసిస్ పేరు మాత్రం మార్చలేదు, "గోదావరి తీరజలాల వర్ణలక్షణాలు" అనే ఉంది.

వైవా ఆగస్టులో పెట్టారు. పరీక్షకులు ఢిల్లీ నుంచి దిగారు. కొత్త గ్రాఫు చూసి కరచాలనం చేశారు. బయట గోదావరి రెండో ప్రమాద హెచ్చరిక దాటి పోతోంది. భోజనాల వేళ ఆయన నా చెవి దగ్గర చేరి, "ఇక్కడ పులసని ఏదో చేప దొరుకుతుందటగా?" అన్నారు.

"దొరుకుతుంది సార్. ఎర్రనీరొస్తేనే. ఆ బురదకే ఎదురీదుకుంటూ పైకొస్తుంది."

"మరి ఇప్పుడుందా?"

యానాం మనిషిని పంపారు. వచ్చింది. వేలల్లో అయింది. ఆ ఖర్చు ఏ పద్దు కింద రాయాలా అని అకౌంట్స్ వాళ్ళు కాసేపు తటపటాయించి, చివరికి నా ప్రాజెక్టులోనే వేశారు. తీరజలాల నుంచి జీవ నమూనా సేకరణ, ఒకటి.